అంతర్జాలంలో కాలలేఖనం

ఉద్దేశం

తేదీ, వేళ అనేవి నిత్యజీవితంలో అందరికీ పరిచితమైన విషయాలే. అయినా అవి అంతర్జాలంలో ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు చేరేటప్పుడు వాటి అర్థం మారిపోయే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదానికి కారణాలను, దాని నివారణకు ఏర్పడిన పద్ధతులను, మన పూర్వుల కాలగణనంతో వాటికి గల పోలికలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

1. ఒకే అంకెలు – రెండు దినాలు

2001లో అమెరికాపై జరిగిన ఉగ్రవాద దాడిని ప్రపంచమంతా '9/11' అని పిలుస్తుంది. 2008లో ముంబయి నగరంపై జరిగిన దాడిని మన దేశం '26/11' అని పిలుస్తుంది. మొదటిది సెప్టెంబరు 11, రెండవది నవంబరు 26. మొదటి పేరులో నెల ముందుంది. రెండవ పేరులో రోజు ముందుంది. అయినా ఈ పేర్లు విన్నవారెవరూ తికమకపడరు. ఆ సంఘటనలు వారికి ముందే తెలుసు కాబట్టి అంకెలు చెప్పని సంగతిని వారి జ్ఞాపకం పూరిస్తుంది. కంప్యూటరుకు అటువంటి జ్ఞాపకం లేదు. దాని ముందున్నవి అంకెలు మాత్రమే.

'03/04/2024' అనే తేదీని తీసుకోవచ్చు. భారతదేశంలో, బ్రిటనులో దీనిని 2024 ఏప్రిల్ 3 అని చదువుతారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మార్చి 4 అని చదువుతారు. రెండింటికీ మధ్య 30 రోజుల అంతరం ఉంది. రోజు సంఖ్య 12కు మించని ప్రతి తేదీకీ ఈ చిక్కు ఉంటుంది. అటువంటి తేదీలు నెలకు 12 చొప్పున ఏడాదికి 144. వాటిలో 01/01, 02/02 వంటి 12 తేదీలు ఎటు చదివినా ఒకటే. వాటిని మినహాయిస్తే 132 మిగులుతాయి. అంటే సంవత్సరంలో మూడోవంతు కంటె ఎక్కువ రోజులు సందేహానికి లోబడినవే.

ఇందులో మరొక సూక్ష్మం ఉంది. అమెరికా పద్ధతిలో చదివే యంత్రానికి '25/04/2024' అని ఇస్తే అది నిరాకరిస్తుంది; ఇరవై అయిదో నెల లేదు కాబట్టి. '03/04/2024' అని ఇస్తే మారుమాట లేకుండా స్వీకరించి, తప్పు నెలను నమోదు చేస్తుంది. పట్టుబడిన దోషాన్ని దిద్దుకోవచ్చు. పట్టుబడని దోషం పత్రాలలో స్థిరపడిపోతుంది. ఫీజు చెల్లింపునకు చివరి తేదీ, పరీక్ష తేదీ, ప్రయాణపు తేదీ ఈ విధంగా తారుమారైతే నష్టపడేది యంత్రం కాదు, దానిని నమ్మిన మనిషి.

2. కూర్చడం, విడదీయడం

వెబ్ ప్రోగ్రామింగులో తేదీకి సంబంధించిన పనులు రెండు. కంప్యూటరు తనలో దాచుకొన్న కాలాన్ని మనుషులు చదివే రూపంలోకి తేవడం మొదటిది. దీనిని ఫార్మాటింగ్ అంటారు. మనుషులు రాసిన రూపాన్ని విడదీసి, అందులోని రోజు, నెల, సంవత్సరాలను గుర్తించి, కంప్యూటరు లెక్కించగల విలువగా మార్చడం రెండవది. దీనిని పార్సింగ్ అంటారు.

తెలుగు వ్యాకరణం చదివిన విద్యార్థికి ఈ రెండు పనులూ కొత్తవి కావు. సంధి కూర్చడం మొదటి దానివంటిది. సంధిని విడదీయడం రెండవ దానివంటిది. కూర్చేవానికి తన ఉద్దేశం తెలుసు. విడదీసేవాడు మాత్రం దానిని ఊహించాలి. 'నీవేల' అనే రూపాన్ని 'నీవు + ఏల' అని విడదీయవచ్చు. 'నీ వేల రూపాయలు' అన్నప్పటి 'నీ వేల' అనీ గ్రహించవచ్చు. సందర్భం లేకుంటే నిర్ణయం సాధ్యం కాదు. అందువల్లనే తేదీల విషయంలో కూర్పు సులభం, విడదీత కష్టం.

ఏ అంకె ఎక్కడ ఉండాలో తెలపడానికి ప్రోగ్రామరు ఒక మాదిరిని రాస్తాడు. రోజుకు ఒక అక్షరం, నెలకు ఒక అక్షరం, సంవత్సరానికి ఒక అక్షరం గుర్తులుగా ఉంటాయి. ఈ గుర్తుల వద్ద కూడ జాగరూకత అవసరం. జావా భాషలో ఇంగ్లీషు పెద్ద 'ఎం' నెలకు, చిన్న 'ఎం' నిమిషానికి గుర్తు. ఒకటి రాయవలసిన చోట మరొకటి రాస్తే నెల స్థానంలో నిమిషాలు వచ్చి కూర్చుంటాయి. అట్లే చిన్న 'వై' మామూలు సంవత్సరానికి గుర్తు కాగా, పెద్ద 'వై' వారాల లెక్కతో సాగే సంవత్సరానికి గుర్తు. 2024 డిసెంబరు 30 సోమవారం 2025లోని మొదటి వారానికి చెందుతుంది. కాబట్టి పెద్ద 'వై' వాడిన కార్యక్రమం ఆనాటి తేదీని 2025 డిసెంబరు 30 అని చూపుతుంది. ఏడాదిలో తక్కిన రోజులన్నీ సరిగా పనిచేసి, చివరి రోజులలో మాత్రమే బయటపడే దోషమిది.

3. పూర్వుల అనుభవం

కాలాన్ని రాయడంలోను, చదవడంలోను ఉండే ఈ చిక్కులు కంప్యూటరుతో పుట్టినవి కావు. మన శాసనాలను పరిశీలించినవారు వీటిని ఏనాడో ఎదుర్కొన్నారు.

శాసనాలలో శకవర్షాలను అంకెలకు బదులు సంకేతపదాలతో చెప్పే ఆచారం ఉంది. చంద్రుడు ఒకటికి, నేత్రాలు రెండుకు, రాములు మూడుకు, వేదాలు నాలుగుకు సంకేతాలు. ఒక శాసనకర్త 'నేత్ర, రామ, వేద, చంద్ర' అని రాస్తే వరుసగా 2, 3, 4, 1 వస్తాయి. వీటిని కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలన్నది సంప్రదాయం. అప్పుడది శకవర్షం 1432 అవుతుంది. ఆ నియమం తెలియనివాడు 2341 అని చదువుతాడు. రాసినవానికీ చదివేవానికీ ఒకే నియమం తెలిసి ఉంటేనే ఆ పదాలు తేదీ అవుతాయి.

అంతటితో పని ముగియదు. ఆ సంవత్సరం గడిచినదా, నడుస్తున్నదా అనే ప్రశ్న ఉంది. శాసనాలలో కొన్ని గతవర్షాన్ని, కొన్ని వర్తమానవర్షాన్ని పేర్కొంటాయి. ఒక ఏడాది తేడా అక్కడే వస్తుంది. నేటి జావాస్క్రిప్ట్ భాషలోని 'డేట్' సాధనం నెలలను సున్నా నుంచి లెక్కిస్తుంది. జనవరి 0, ఫిబ్రవరి 1, డిసెంబరు 11. రోజులను మాత్రం 1 నుంచే లెక్కిస్తుంది. గడిచిన నెలల సంఖ్య చెబుతున్నామా, నడుస్తున్న నెల సంఖ్య చెబుతున్నామా అనే పాత ప్రశ్నే ఇక్కడ మరొక రూపంలో ఎదురవుతుంది. పైగా ఆ భాషకు 2023 ఫిబ్రవరి 30 అని రోజు, నెల, సంవత్సరాలను విడివిడి సంఖ్యలుగా ఇస్తే అది తప్పని చెప్పదు. మిగిలిన రెండు రోజులను ముందుకు జరిపి మార్చి 2 అని నిర్ణయిస్తుంది.

ప్రభవాది సంవత్సరాల పేర్లు అరవై ఏండ్లకొకసారి మళ్లీ వస్తాయి. 1927లో ప్రభవ వచ్చింది. 1987లో మళ్లీ వచ్చింది. పాత ఉత్తరంలో 'ప్రభవ' అని మాత్రమే ఉంటే అది ఏ ప్రభవయో తేల్చడానికి వేరే ఆధారం కావాలి. సంవత్సరాన్ని రెండంకెలతో రాసే అలవాటు కూడ అటువంటిదే. అక్కడ ఆవృత్తి నూరేండ్లకు. 2000 సంవత్సరం వచ్చే ముందు ప్రపంచమంతటా కంప్యూటర్లను సరిదిద్దవలసి రావడానికి ఈ అలవాటే కారణం. యునిక్స్ సంప్రదాయంలో '69' మొదలు '99' వరకు గల అంకెలను 1969–1999గాను, '00' మొదలు '68' వరకు గల వాటిని 2000–2068గాను చదువుతారు. ఆ నియమం ప్రకారం '68' అని పుట్టిన సంవత్సరం రాసిన వృద్ధుడు ఇంకా పుట్టనివాడవుతాడు.

4. యంత్రం లోపలి కాలం

మనుషులు రాసే రూపాలు ఇన్ని విధాలుగా ఉండగా, యంత్రం తనలో కాలాన్ని ఎట్లా దాచుకొంటుంది? దీనికి సమాధానం కూడ మన జ్యోతిర్గణితానికి పరిచితమే.

భారతీయ గణితజ్ఞులు గ్రహస్థితులను లెక్కించడానికి నెలలను, పక్షాలను నేరుగా వాడలేదు. కలియుగారంభం నుంచి గడిచిన దినాల మొత్తాన్ని మొదట కట్టేవారు. దానిని అహర్గణం అన్నారు. అధికమాసాల చిక్కు, నెలల హెచ్చుతగ్గుల చిక్కు ఆ ఒక్క సంఖ్యతో తొలగిపోతాయి. రెండు తేదీల అంతరం తెలుసుకోవాలంటే ఒక అహర్గణం నుంచి మరొక దానిని తీసివేస్తే చాలు.

కంప్యూటరు కూడ ఇదే చేస్తుంది. యునిక్స్ కాలం అనే పద్ధతిలో 1970 జనవరి 1, సార్వత్రిక సమన్వయ కాలం ప్రకారం అర్ధరాత్రి 0 గంటలు ఆరంభబిందువు. అక్కడి నుంచి రోజుకు 86,400 చొప్పున సెకన్లను లెక్కిస్తారు. ఆ ఆరంభం నుంచి 2024 ఆగస్టు 15 నాటి 0 గంటల వరకు గడిచిన దినాలు 19,950. సెకన్లు 1,72,36,80,000. జావాస్క్రిప్ట్ ఇదే ఆరంభం నుంచి సెకనులో వెయ్యోవంతులను లెక్కిస్తుంది. సెకన్ల సంఖ్యను వెయ్యోవంతుల సంఖ్యగా భావిస్తే 2024 నాటి తేదీ 1970 జనవరిలోకి పోతుంది.

సంఖ్యను దాచే పాత్రకు కూడ ఒక పరిమితి ఉంటుంది. పాత కంప్యూటర్లలో ఈ సెకన్లకు 32 బిట్ల స్థలాన్ని కేటాయించారు. అందులో పట్టే గరిష్ఠసంఖ్య 2,14,74,83,647. భారతీయ కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ పాత్ర నిండుతుంది. దిద్దుబాటు పొందని యంత్రాలు తరువాతి సెకనులో 1901 సంవత్సరానికి పోతాయి. ఆ దిద్దుబాటు 64 బిట్ల స్థలంతో జరుగుతున్నది.

5. దేశం చెప్పని కాలం

కాలాన్ని ఒక సంఖ్యగా దాచిన తరువాత దానిని మళ్లీ గంటలుగా చూపాలంటే 'ఎక్కడి గంటలు?' అనే ప్రశ్న తప్పదు. భారతీయ ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ సమీపం నుంచి సాగే ఆ రేఖ ఆంధ్రప్రదేశ్ మీదుగా కూడ పోతుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఆ రేఖ వద్ద కాలం గ్రీనిచ్ కంటె అయిదున్నర గంటలు ముందుంటుంది. 1906 జనవరి 1 నుంచి ఈ కాలమానం అమలులోకి వచ్చింది. దీనిని '+05:30' అని రాస్తారు.

అన్ని దేశాలకూ ఇట్లా ఏడాది పొడవునా ఒకే అంతరం ఉండదు. అమెరికాలో అధికభాగం వేసవిలో గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతుంది. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలైనప్పుడు హైదరాబాదులో జనవరిలో రాత్రి 7:30, జులైలో సాయంత్రం 6:30 అవుతుంది. అక్కడ చదువుకొనే తెలుగు విద్యార్థుల తల్లిదండ్రులకు ఇది అనుభవంలో ఉన్న సంగతే. ఆ మార్పు జరిగే రాత్రులలో విచిత్రాలు ఏర్పడతాయి. 2024 మార్చి 10న న్యూయార్క్‌లో తెల్లవారుజామున 2:30 అనే వేళ రానేలేదు. అదే ఏడు నవంబరు 3న 1:30 అనే వేళ రెండుసార్లు వచ్చింది. 2011లో పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దేశం తన కాలమండలాన్ని మార్చుకొన్నప్పుడు డిసెంబరు 29 తరువాత నేరుగా 31 వచ్చింది.

కాలమండలాలను పొడి అక్షరాలతో చెప్పడం కూడ సందేహాస్పదమే. 'ఐఎస్‌టి' అన్నది భారతదేశానికీ, ఇజ్రాయెల్‌కూ, ఐర్లండ్‌కూ చెందవచ్చు. అందుచేత 'ఆసియా/కోల్‌కతా', 'అమెరికా/న్యూయార్క్' వంటి స్థలనామాలతో ఒక సమగ్ర పట్టిక ఏర్పడింది. ఏ ప్రాంతంలో ఏనాడు ఎంత అంతరం ఉన్నదో అందులో నమోదై ఉంటుంది. ప్రభుత్వాలు నియమాలను మార్చినప్పుడల్లా ఆ పట్టిక సవరణ పొందుతుంది.

6. ఒక పుట్టినతేదీ

పై విషయాల ప్రాధాన్యం ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. 2008 ఆగస్టు 15న జన్మించిన విద్యార్థిని ఒకతె హైదరాబాదులో ఒక దరఖాస్తును అంతర్జాలంలో నింపుతున్నదని భావించవచ్చు. ఆమె తేదీ ఇచ్చింది, వేళ ఇవ్వలేదు. కార్యక్రమం దానిని హైదరాబాదులో ఆగస్టు 15, 0 గంటలుగా గ్రహించింది. ఆ తరువాత సార్వత్రిక కాలంలోకి మార్చింది. అయిదున్నర గంటలు వెనుకకు పోగా అది ఆగస్టు 14, 18:30 అయింది. కార్యక్రమం వేళను తొలగించి తేదీని మాత్రం దాచింది. పదో తరగతి ధ్రువపత్రంలో 15, దరఖాస్తులో 14. విద్యార్థిని తప్పు రాయలేదు. యంత్రం లెక్క తప్పలేదు. అయినా రెండు పత్రాలూ పొసగలేదు. ఆమె కార్యాలయాల చుట్టూ తిరగవలసి రావచ్చు.

దీనికి వ్యతిరేకమైన దోషం కూడ ఉంది. '2008-08-15' అని తేదీ మాత్రమే ఉన్న వాక్యాన్ని జావాస్క్రిప్ట్ సార్వత్రిక కాలపు అర్ధరాత్రిగా చదువుతుంది. వేళ కూడ ఉండి అంతరం లేకపోతే స్థానిక కాలంగా చదువుతుంది. మొదటి విధంగా చదివిన తేదీ హైదరాబాదులో ఉదయం 5:30 అవుతుంది కాబట్టి 15గానే కనబడుతుంది. అదే పుటను డాలస్‌లో తెరిస్తే ఆగస్టు 14 రాత్రి 7 గంటలు అవుతుంది. హైదరాబాదులో పరీక్షించిన ప్రోగ్రామరుకు ఈ లోపం ఎన్నడూ కనబడదు.

ఈ రెండు దోషాలకూ మూలం ఒక్కటే. పుట్టినతేదీ ఒక క్షణం కాదు. అది పంచాంగంలోని ఒక దినం పేరు. మనిషి ఏ దేశానికి పోయినా అది మారదు. దానిని క్షణంగా మార్చడమే పొరపాటు. ఫీజు చెల్లించిన వేళ వంటిది నిజమైన క్షణం. దానిని సార్వత్రిక కాలంలో దాచాలి. రాబోయే సంవత్సరం జరుగవలసిన సమావేశం మూడవ రకం. దానిని స్థానిక వేళతోను, స్థలనామంతోను దాచాలి. ఎందుకనగా ఈలోగా ఆ దేశం తన నియమాన్ని మార్చుకోవచ్చు. 1995లో జావాస్క్రిప్ట్ పుట్టినప్పుడు ఈ మూడింటికీ 'డేట్' అనే ఒకే పాత్ర ఉండేది. వీటికి వేరువేరు పాత్రలను సమకూర్చే 'టెంపొరల్' అనే కొత్త సాధనం 2025 మే నెలలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో అందుబాటులోకి వచ్చింది.

7. అందరికీ ఒకే వరుస

యంత్రాల మధ్య తేదీలు నిస్సందేహంగా సాగడానికి 1988లో ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. దానిని అనుసరించి అంతర్జాల అవసరాలకు తగిన సంగ్రహ నియమావళి 2002లో ఏర్పడింది. వీటి ప్రకారం ముందు నాలుగంకెల సంవత్సరం, తరువాత రెండంకెల నెల, ఆపై రెండంకెల రోజు రాయాలి. తరువాత 'టి' అనే ఇంగ్లీషు అక్షరాన్ని ఉంచి, గంటలు, నిమిషాలు, సెకన్లు రాయాలి. చివర సార్వత్రిక కాలంతో గల అంతరాన్ని చేర్చాలి. 2024 ఏప్రిల్ 3 ఉదయం పదిన్నరకు తేదీభాగం '2024-04-03', వేళభాగం '10:30:00+05:30' అవుతుంది.

పెద్ద ప్రమాణం నుంచి చిన్న ప్రమాణానికి సాగే ఈ వరుసలో ఒక సౌలభ్యం ఉంది. తేదీలను మామూలు అక్షరక్రమంలో పేర్చినా అవి కాలక్రమంలోనే నిలుస్తాయి. రోజుతో మొదలయ్యే పద్ధతిలో వివిధ సంవత్సరాల మొదటి తేదీలన్నీ ఒకచోట గుమిగూడతాయి.

మన సంప్రదాయంలోని సంకల్పం కూడ ఇదే వరుసను పాటించడం గమనార్హం. అందులో కల్పం, మన్వంతరం, యుగం, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం అని పెద్ద నుంచి చిన్నకు కాలాన్ని చెబుతారు. అంతేకాదు, ద్వీపంతో మొదలుపెట్టి తామున్న నదీతీరం వరకు స్థలాన్నీ చెబుతారు. దేశకాలాలు రెండూ చెప్పిన తరువాతే కార్యం మొదలవుతుంది. తిథి సూర్యోదయంతో ముడిపడినది. సూర్యోదయం ఊరితో ముడిపడినది. ఊరు చెప్పని వేళ అసంపూర్ణమని పంచాంగకర్తలకు తెలుసు.

8. మనుషులకు చూపే రూపం

యంత్రాలకు అనువైన రూపం మనుషులకు అనువైనది కానక్కరలేదు. వెబ్ పుటలో తేదీ ఎంచుకొనే గడిలో ఈ రెండూ కలిసి ఉంటాయి. చూసేవారికి వారి ప్రాంతపు అలవాటు ప్రకారం తేదీ కనబడుతుంది. లోపల మాత్రం అది సంవత్సరం, నెల, రోజు అనే వరుసలోనే సాగుతుంది. తెలుగుతో సహా అనేక భాషల నెలల పేర్లు, వారాల పేర్లు, వాటి అమరికలు యూనికోడ్ సంస్థ నిర్వహించే భాండాగారంలో ఉన్నాయి. అందువల్ల ఒకే క్షణాన్ని తెలుగు పాఠకునికి '2024 ఏప్రిల్ 3, బుధవారం' అని చూపడం నేడు కష్టం కాదు. నెలను అంకెతో కాక పేరుతో చూపితే మొదట చెప్పిన 132 దినాల సందేహం పూర్తిగా తొలగిపోతుంది.

తేదీని చదివే చోట ఊహకు తావు ఇవ్వరాదు. ఏ మాదిరిలో రాయాలో ముందే చెప్పాలి; ఆ మాదిరికి లొంగని దానిని స్వీకరించక, మళ్లీ అడగాలి. చూపే చోట నెల పేరును, అవసరమైనచోట కాలమండలాన్ని విడువరాదు. రాసినవాని మనసులో ఉన్న దినమే చదివినవానికి అందినప్పుడు తేదీ రాసిన ప్రయోజనం నెరవేరుతుంది. శాసనం చెక్కిన శిల్పికీ, వెబ్ పుటను రూపొందించే ప్రోగ్రామరుకూ ఈ బాధ్యత సమానమే.

అర్థాలు

కాలలేఖనం = కాలాన్ని రాసే పద్ధతి
అహర్గణం = ఒక నిర్ణీత ఆరంభం నుంచి గడిచిన దినాల మొత్తం
ఆవృత్తి = మళ్లీ మళ్లీ రావడం
జాగరూకత = మెలకువ
కాలమండలం = ఒకే గడియారపు వేళను పాటించే ప్రాంతం
నిస్సందేహంగా = అనుమానానికి తావు లేకుండా
పొసగు = సరిపడు, పొత్తు కుదురు

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. తేదీని కూర్చడం కంటె విడదీయడం ఎందుకు కష్టమో సోదాహరణంగా వివరించండి.
2. శాసనాలలోని కాలనిర్దేశానికీ, కంప్యూటరు కాలగణనకూ గల పోలికలను తెలపండి.

ఆ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఏడాదిలో 132 తేదీలు సందేహానికి లోబడతాయని ఎట్లా చెప్పవచ్చు?
2. పుట్టినతేదీని క్షణంగా భావించడం వల్ల కలిగే దోషం ఏమిటి?
3. 2038 జనవరి 19కి గల ప్రాధాన్యం తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. యునిక్స్ కాలానికి ఆరంభబిందువు ఏది?
2. భారతీయ ప్రామాణిక కాలం ఏ రేఖాంశాన్ని అనుసరిస్తుంది?
3. ఐఎస్ఓ 8601 ప్రమాణం ఏ సంవత్సరంలో వెలువడింది?